మా కుక్కకు మర్యాద నేర్పిన కండక్టరు

కండక్టరు పోయాడన్న సంగతి నాకు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నీళ్ల ట్యాంకరు ఎన్నింటికి వస్తుందన్న ప్రశ్నకూ, పాత సోఫా ఎవరికైనా కావాలా అన్న ప్రకటనకూ మధ్యన "మూలింటి అంకుల్ నో మోర్" అని ఒక ముక్క. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒకాయన తొందరలో నవ్వుముఖం నొక్కి, నాలుక్కరుచుకుని తీసేసి, తనూ చేతులు పెట్టాడు. అన్ని చేతుల్లో కాళ్లున్నవి ఎన్నో ఆ పొద్దున మూలింటి ముందు నిలబడి చూశాను. అయిదు జతలు. అందులో రెండు మా ఇంట్లోవే.

ఆదివారం క్లబ్బుహౌసులో సంతాపసభ పెట్టారు. ఆయన ఫోటో దొరక్క, ఏదో పెళ్లిలో భోజనం చేస్తుంటే తీసిన దాంట్లోంచి ముఖం కత్తిరించి ఫ్లెక్సీ మీద వేశారు. ఎడమ చెంపలో ముద్ద అలాగే ఉంది. ఒక సాఫ్ట్‌వేరు పెద్దమనిషి మైకు పట్టుకుని, ఆయన మనందరికీ తండ్రిలాంటివాడు అన్నాడు. ఈ కొడుకే, గేటు దగ్గర బెంచీ మీద లుంగీతో కూర్చునే ముసలాయన వల్ల కాలనీ లుక్కు పోతోందని కమిటీకి మెయిలు పెట్టాడు. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నేను మాట్లాడితే మీ టీ చల్లారిపోతుంది, రాసి ఇస్తానన్నాను. ఇదే ఆ రాత.

ఆయన చేవెళ్ల–మెహదీపట్నం రూట్లో టికెట్లు కొట్టీ కొట్టీ రిటైరైన బస్సు కండక్టరు. నేను చేవెళ్లలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయినదాన్ని. మొయినాబాద్‌లో ఎక్కడం, చేవెళ్లలో దిగడం నా ఉద్యోగంలో సగం. ఒకరోజు పరీక్ష పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని, కదిలిన బస్సును ఉరికి పట్టుకున్నాను. ఆయన "హోల్డాన్" అని బస్సు ఆపించాడు. పాపం టీచరు గదా, సీటు చూపిస్తాడనుకున్నాను.

"దిగుండ్రి టీచరమ్మా."

"ఎక్కిన గదా!"

"ఎక్కలే, ఎగిరిండ్రు. దిగి, నిలవడి, మల్ల ఎక్కుండ్రి. పిల్లలు సూస్తున్నరు."

చూస్తున్నారు. నా తొమ్మిదో తరగతి పిల్లలే. దిగాను, నిలబడ్డాను, మళ్లీ ఎక్కాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన టికెట్టిచ్చే చెయ్యి తప్ప ముఖం చూడలేదు. రిటైరయ్యాక మా కాలనీలోనే మూలింట్లోకి వచ్చాడని తెలిసినప్పుడు, ఇంత పెద్ద మొయినాబాద్‌లో ఈ మనిషికి ఇంకెక్కడా జాగా దొరకలేదా అనుకున్నాను.

ఇక కుక్క సంగతి. మా కొడుకు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో మేనేజరు. పొద్దున గండిపేట మీదుగా పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. ఇంట్లో ఉండని మనిషికి ఇంటికి ఏం కావాలో బాగా తెలుస్తుంది కాబట్టి, చుట్టూ జొన్నచేన్ల మీద విల్లాలు లేస్తున్న ఆ రోజుల్లో, అందరూ తెచ్చుకున్నట్టే ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చాడు. అప్పుడు మూడో తరగతిలో ఉన్న మనవరాలు దానికి బ్రౌనీ అని పేరు పెట్టింది. బ్రౌనీ అంటే నల్లటి కేకు అని తర్వాత తెలిసింది. కుక్కేమో వెన్నముద్ద రంగు. పేర్లు పెట్టే పని మా ఇంట్లో తెలుగు చెప్పినదానికి అప్పగించరు.

ఏడాది తిరిగేసరికి అది దూడంత అయింది. కరవదు, మొరగదు. దానికి ఒకటే జబ్బు. గేటు చప్పుడైతే చాలు, బాణంలా పోయి, వచ్చినవాళ్ల భుజాల మీద రెండు కాళ్లూ వేసి మూతి నాకుతుంది. ఆ ప్రేమ తట్టుకోలేక పేపరు వేసే మనిషి సైకిలుతో సహా మోరీలో పడ్డాడు. గ్యాసు బండ తెచ్చే ఆయన దాన్ని రోడ్డు మీదే దింపి, దూరం నుంచి దండం పెట్టి పోయేవాడు. ఒక సాయంత్రం చేవెళ్లలో పెళ్లికి పోయి వచ్చిన నన్ను కూడా అది చుట్టమే అనుకుంది. నా కుడి మణికట్టు విరిగింది.

కట్టుతో కూర్చున్న నా దగ్గరికి కోడలు వచ్చింది. ఆమెది గుంటూరు వైపు.

"అత్తయ్యా, వచ్చే నెల మా నాన్నగారు వస్తున్నారు. పక్షవాతం వచ్చాక ఇప్పుడిప్పుడే కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారండీ. ఇక్కడ డాక్టరుకి చూపించి మన దగ్గరే ఉంచుకుందామని. ఇది ఆయన మీద ఒక్కసారి ఎగిరిందంటే..."

అక్కడ ఆపింది. ఆపి అర్థమయ్యేలా చేయడం ఆమెకు వచ్చు. పైగా ఆమె మాటలో తప్పు లేదు, అదే నాకు ఇంకా చిరాకు.

కొడుకు అప్పటికే దారి వెతికి పెట్టాడు. దొంతన్‌పల్లి వైపు స్నేహితుడి ఫామ్‌హౌసు ఉన్నదట. "మంచిగ చూసుకుంటరమ్మా, మస్తు జాగా ఉన్నది" అన్నాడు. ఫామ్‌హౌసులో ఎంత జాగా ఉన్నా కుక్కకు మిగిలేది గొలుసు పొడవే. వారానికొకసారి కార్లు వస్తాయి, ఫోటోలు దిగుతాయి, పోతాయి. మనవరాలు అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయింది. నేను మాత్రం "పోనియ్యి, పీడ పోతది" అన్నాను. అని, నా పెరుగన్నంలో సగం ఎడమచేత్తో దానికే పెట్టాను.

చేతిలో ఉన్న నెలలో పది రోజులు కుక్కల మాస్టారు మింగాడు. టోపీ, నల్లద్దాలు, నడుముకు బిస్కెట్ల సంచి. "సిట్" అంటే కూర్చునేది, "స్టే" అంటే ఉండేది. ఇనస్పెక్షన్ రోజు పిల్లల్లాగా ఉండేది ఆయన ముందు. ఆయన కారు మలుపు తిరగ్గానే ఎవరైనా గేటు తీశారో, మళ్లీ భుజాల మీదే. "ప్రోగ్రెస్ ఉంది మేడం" అనేవాడు రోజూ. ఆఖరి రోజు సెలవు తీసుకుంటూ తనే చేతులు చాపి "బై బ్రౌనీ!" అన్నాడు. అది ఎగిరింది. నల్లద్దాలు బట్టలు నానబెట్టిన బకెట్లో పడ్డాయి.

మర్నాడు, మా ఇంటికి రావలసిన శుభలేఖ తన గేటులో పడిందని ఇవ్వడానికి కండక్టరు వచ్చాడు. కుక్క ఉరికింది. ఆయన అరవలేదు, తొయ్యలేదు. వెనక్కి తిరిగి చేతులు కట్టుకుని, డ్రైవరు టీ తాగి వచ్చేదాకా ఆగినవాడిలా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. అది వీపు మీద ఎక్కింది, దిగింది, చుట్టూ తిరిగింది. ముఖం దొరకలేదు. నాలుగు కాళ్లూ నేలమీద పెట్టి, ఈ మనిషికి ఏమైందా అని చూసింది. అప్పుడు తిరిగాడు. మళ్లీ ఎగిరింది. మళ్లీ వీపు. అట్లా ఏడుసార్లు. ఎనిమిదోసారి అది నిలబడే ఉంది. వంగి చెవి కింద గోకాడు.

"టీచరమ్మా, కుక్క మంచిదే. ఇంట్లనే డిసిప్లిన్ లేదు."

బడినంతా గీత గీసినట్టు నిలబెట్టినదాన్ని. కట్టు కట్టిన చెయ్యి కూడా లేచింది. "ఏం చూసి అంటున్నరు ఆ మాట?"

"మూలకెల్లి రోజు సూస్తనే ఉన్న. గేటు సప్పుడైతది. ముందుగాల మీరు 'ఎవరూ?' అని కేకేస్తరు. మీ కోడలు చేతులు తుడుసుకుంట ఉరుకుతది. పాప ఎగురుతది. మీ కొడుకు ఉన్ననాడు, ఫోను చెవుల వెట్టుకోని ఆయన గూడ ఉరుకుతడు. నలుగురు ఉరికినంక అయిదోది ఎందుకు కూసుంటది?"

"చుట్టం వస్తె ఎదురు పోవద్దా? కూసోనుంటె గర్వమంటరు."

"అననియ్యుండ్రి. ఉరికొచ్చి మీద వడుడు ప్రేమ గాదు టీచరమ్మా, తొందర. స్టాపుల గూడ గంతే. బస్సు రాంగనే ఒక్కడు ఉరికితె సాలు, కాలు నొప్పున్నోడు గూడ ఉరుకుతడు."

నిజానికి మా వైపు మర్యాద అంటే అదే. చుట్టం చెప్పులు విప్పకముందే ఇంటిల్లిపాదీ లేవాలి, ఒకరి మీద ఒకరు పడి "రాండ్రి, రాండ్రి" అనాలి, సంచీ ఒకరు గుంజుకోవాలి, చెయ్యి ఒకరు గుంజుకోవాలి. కుక్క అదంతా చూసి నేర్చుకుంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అంత శ్రద్ధగల విద్యార్థి నాకు తగల్లేదు.

మరుసటి రోజు నుంచి సాయంత్రం అయిదింటికి ఆయన బడి మొదలైంది. గేటు చప్పుడు చేసి లోపలికి వస్తాడు. మేమెవరం లేవకూడదు, పలకకూడదు, కుక్క ఎగిరితే "వద్దు, వద్దు" అని దాన్ని చేతులతో నెట్టకూడదు. నెట్టుడు దానికి ఆటట, వద్దు అనేది పాటట. ఎగిరితే "హోల్డాన్" అని వీపు తిప్పుతాడు. నాలుగు కాళ్లూ ఆనగానే "రైట్" అని వంగి ముట్టుకుంటాడు. అంతే. బిస్కెట్టు లేదు, ఇంగ్లిషు కూడా ఆ రెండు ముక్కలే. విసుగు అసలే లేదు. బస్సు నిండా జనాన్ని "జర ముందుకు జరుగుండ్రి" అంటూ బతికిన మనిషిలో విసుగు ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది.

కుక్క వారం లోపల నేర్చుకుంది. మేం నేర్చుకోలేదు. అందరిలోకీ మొద్దును నేనే. మూడో రోజు గేటు మోగగానే నా నోట్లోంచి "ఎవరూ?" వచ్చేసింది. కుక్క లేచి ఆయన ఛాతీ మీద ఉంది. దాన్ని ఏమీ అనలేదు. నావైపు తిరిగి, "టీచరమ్మా, దిగి మల్ల ఎక్కుండ్రి" అన్నాడు. తను బయటికి పోయి మళ్లీ వచ్చాడు. మనవరాలు కడుపు పట్టుకుని నవ్వింది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

వచ్చేవాళ్లు ఇంకా ఘోరం. కొడుకు ఆఫీసు వాళ్లు శనివారం వచ్చేవారు. అందరి మెడల్లో ఐడీ కార్డులు, సెలవురోజు కూడా, తప్పిపోతే ఎవరైనా ఇంటికి చేరుస్తారని కాబోలు. కండక్టరు గేటు దగ్గరే ఆపి చెప్పేవాడు: లోపలికి పోయినంక దాన్ని సూడొద్దు, పిలవొద్దు, నిలవడ్డంకనే ముట్టుండ్రి. ఒక పిల్లగాడు "ఇట్స్ ఓకే అంకుల్, ఐ లవ్ డాగ్స్" అని రెండు చేతులూ చాపాడు.

"నువ్వు లవ్వు చేస్కో సారూ, ఎవలొద్దన్నరు? దాని కాళ్లు కిందుండనియ్యి."

అది ఎగిరింది, వాడు కౌగిలించుకుని సెల్ఫీ దిగాడు. మూడు రోజుల చదువు ఆ ఒక్క ఫోటోలో పోయింది.

అసలు నేరం మాత్రం నేనే చేశాను. పక్క పొలం అమ్మిస్తానని మా చుట్టూ తిరిగే బ్రోకరు ఒకడు, తెల్లచొక్కా, వేలికొక ఉంగరం, అడక్కుండానే వచ్చి సోఫా వైపు నడిచాడు. బయట వాన కురిసి ఆగింది. కుక్క బురద కాళ్లతో నావైపు చూసింది. "హోల్డాన్" అనాల్సింది నేను. అనలేదు. తెల్లచొక్కా మీద రెండు ముద్రలు, రిజిస్ట్రారు వేసినంత చక్కగా పడ్డాయి. వాడు పోయాక కుక్కకు సకినం పెట్టాను.

మర్నాటికి అది పాలమనిషి నుంచి పోస్టుమనిషి దాకా అందరి మీదా ఎక్కింది. కండక్టరు సంగతి విని, పోవడానికి చేతికర్ర తీసుకున్నాడు.

"ఒక్కన్ని టికెట్టు లేక ఊకె ఎక్కనిస్తె బస్సంత ఊకెనే ఎక్కుతది. ఇగ నాతోని గాదు."

రెండు రోజులు రాలేదు. కోడలి తండ్రి రావడానికి అయిదు రోజులుంది. ఫామ్‌హౌసు స్నేహితుడికి శనివారం రమ్మని కొడుకు ఫోన్ చేయడం విన్నాను. మనవరాలు కుక్క గిన్నె మీద దాని పేరు స్కెచ్చు పెన్నుతో రాస్తోంది, అక్కడివాళ్లకు పేరు తెలియాలి కదా అని. నేను చెప్పులేసుకుని మూలింటికి పోయాను.

ఆయన భార్య వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లోపలికి కేకేసింది: "ఏమయ్యా, హెడ్‌మాస్టరమ్మే ఇంటికొచ్చింది, ఇగనన్న దిగిరా!" నావైపు తిరిగి, "నన్ను గూడ గిట్లనే సతాయించిండు టీచరమ్మా. పెండ్లైన కొత్తల గిన్నె జర గట్టిగ వెడితె, మల్ల తీసి మల్ల పెట్టమన్నడు" అన్నది.

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పు నాదే. రేపటికెల్లి రాండ్రి" అన్నాను.

"ఎవరికోసం?"

"పాప కోసం."

"పాప కోసమేనా?"

ఎన్ని వందల మంది పిల్లలను నిజం చెప్పేదాకా నిలబెట్టానో ఆ క్షణంలో గుర్తొచ్చింది. "నాకోసం" అన్నాను.

"రైట్" అన్నాడు.

శనివారం ఒకేరోజు రెండూ అయ్యేలా పెట్టాడు మా కొడుకు, మేనేజరు కదా. పొద్దున మామగారు దిగుతారు, మధ్యాహ్నం ఫామ్‌హౌసు బండి వస్తుంది. కండక్టరు పొద్దున్నే వచ్చి మమ్మల్ని వరసగా కూర్చోబెట్టాడు, కుక్కను నా కుర్చీ పక్కన. "ఎవ్వరు లేవొద్దు. పెద్దమనిషి తనంతల తను లోపటికి రావాలె. అప్పుడే పలకరించుండ్రి" అని చెప్పి తను గేటు దగ్గర నిలబడ్డాడు.

కారు ఆగింది. గేటు తెరుచుకుంది. ముందు కర్ర, తర్వాత ఒక పాదం, చాలాసేపటికి రెండో పాదం. వియ్యంకుడు ఇంత చిక్కిపోయి ఉంటాడని నేననుకోలేదు. నా కాలు పక్కన కుక్క ఒళ్లంతా వణుకుతోంది. అడుగు మాత్రం కదల్లేదు.

అప్పుడు "నాన్నా!" అని కేక. మా కోడలు. జబ్బు చేశాక తండ్రిని చూడటం అదే మొదటిసారి. బాణంలా పోయి రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసి మీద పడింది. కర్ర ఎటో ఎగిరింది. ముసలాయన వెనక్కి తూలాడు. కండక్టరు ఒక చేత్తో ఆయన మోచెయ్యి కింద పట్టుకుని, దిగే ప్యాసింజరును ఆపినట్టు ఆపి, "హోల్డాన్!" అని అరిచిన అరుపు చిలుకూరు దాకా వినబడి ఉంటుంది.

అందరం ఆగిపోయాం. కోడలు కూడా. కుక్క నాలుగు కాళ్లూ నేలమీద పెట్టి, మా కోడలినే వింతగా చూస్తోంది.

వియ్యంకుడు ఊపిరి తీసుకున్నాడు. ఆయనకు మాట సగం సగమే వచ్చేది. "మీ ఇంట్లో... కుక్కొక్కటే... కుదురుగా ఉందండీ" అన్నాడు.

ఫామ్‌హౌసు బండిని వద్దని ఫోన్ చేసింది కోడలే. ఏడుపూ నవ్వూ కలిసి, ఆ ఫోనులో ఆమె ఏం చెప్పిందో అవతలివాడికి ఇప్పటికీ అర్థమై ఉండదు. ముసలాయన మా ఇంట్లో ఉన్నన్నాళ్లు కుక్క ఆయన మంచం పక్కనే పడుకుంది. ఆయన నడిస్తే ఒక అడుగు వెనక నడిచింది.

తర్వాత ఒకరోజు నేను కండక్టరుకు థాంక్స్ చెప్పాను. ఆయన "గన్నేండ్లు డ్యూటీ చేసిన, దిగెటప్పుడు గీ మాట అన్నోళ్లు లేరు టీచరమ్మా" అన్నాడు. ఏళ్ల తరబడి ఆయన బస్సు దిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎత్తిపొడిచాడా, మామూలుగానే అన్నాడా, నాకిప్పటికీ తెలియదు. ఎనిమిదేళ్లు ఎదురుబొదురుగా ఉన్నా అడగలేదు. ఈ కాలనీ గొప్పవాళ్లను ఇంతసేపూ తిట్టిపోశాను గానీ, ఆ లెక్కలో నన్ను కూడా కలుపుకోవడం న్యాయం.

మొన్న, పదకొండో రోజు అయిపోయాక, మధ్యాహ్నం నాలుగింటప్పుడు మా గేటు చప్పుడైంది. ఆయన భార్య. ఈ పరిస్థితిలో ఉన్న మనిషి అప్పుడే ఒకరి గడప తొక్కకూడదంటారు. తన ఇంటినిండా ఉన్న చుట్టాలు పడుకున్న సమయం చూసి వచ్చినట్టుంది. నేను లేవబోయాను. ఉరికి పోయి గట్టిగా పట్టుకోవాలని రెండు చేతులూ లాగాయి. జీవితంలో అంత కష్టపడి కుర్చీలో కూర్చున్నది ఆ రోజే. కోడలు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. కుక్క ముసలిదైంది ఇప్పుడు, కళ్లలో తెలుపు వచ్చింది. తల ఎత్తి చూసి, ఉన్నచోటే ఉంది.

ఆమె తనంతట తను లోపలికి వచ్చి, గోడకానుకుని కింద కూర్చుంది.

"పదకొండు దినాలు, వచ్చినోళ్లంత మీద వడి ఏడ్సుడే టీచరమ్మా" అన్నది. "ఒక్కల్ని ఇడిపిచ్చుకునే లోపట ఇంకొగలు. ఆల్లను ఊకోవెట్టుడే నా పనైంది. నాకు ఏడ్సనీకి సందే దొరకలే. జరసేపు ఈడ కూసుంట."

"కూసో అవ్వా" అన్నాను. ఎవరమూ దగ్గరికి పోలేదు. ఫ్యాను తిరుగుతోంది. చాలాసేపటికి ఆమె భుజాలు కదలడం మొదలైంది, చప్పుడు లేకుండా. కుక్క లేచి, మెల్లగా నడిచి, మూరెడు దూరంలో ఆగి పడుకుంది. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే, ఒక కాలు కొద్దిగా ముందుకు చాపింది. మట్టెలు తీసిన వేళ్ల మీద రెండు తెల్లటి వరుసలు, ఎండ ఎన్నడూ తగలని చర్మం. కుక్క గడ్డం తెచ్చి వాటి మీద ఆనించి, కళ్లు మూసుకుంది.